బండి బాగాలేదని ఆమె చెప్పింది

‘అలా కాకుండా ఇలా జరిగి ఉంటే?’ అన్న ప్రశ్న చాలామంది చరిత్రకారులకి నచ్చదు. జరిగినదాన్ని చెప్పడమే చరిత్ర పని, జరగనిదాని గురించి మాట్లాడడం కాలక్షేపం అంటారు. రాజుల విషయంలో, యుద్ధాల విషయంలో ఆ మాట నిజమే కావచ్చు. కానీ స్త్రీల చరిత్ర రాయడానికి కూచుంటే ఈ ప్రశ్న వేసుకోకుండా ఒక్క పేజీ కూడా ముందుకి సాగదు. మన చరిత్రలో జరిగినదానికంటే జరగనివ్వనిది ఎక్కువ. ఆ జరగనివ్వనిదాన్ని లెక్కలోకి తీసుకోకపోతే చివరికి మన చేతిలో మిగిలేది ‘ప్రయత్నించి ఓడిపోయిన స్త్రీల’ జాబితా ఒక్కటే.

ఈ సంగతి తేల్చుకోవడానికి మన రోజువారీ ఉద్యమాలకి బాగా దూరంగా కనిపించే ఒక రంగాన్ని తీసుకుందాం. మోటారు కార్ల పందేలు. డబ్బున్న దేశాల్లో, డబ్బున్న కంపెనీల కోసం, ఎక్కువగా డబ్బున్న కుటుంబాల మగపిల్లలు ఆడే ఆట. కూలి రేట్ల గురించీ, గృహహింస గురించీ మాట్లాడుకునే పత్రికలో ఇదెందుకని కొందరికి అనిపించవచ్చు. అయితే గడియారంతో, పాయింట్లతో, అంకెలతో నడిచే ఈ రంగంలో పక్షపాతానికి చోటే లేదన్న నమ్మకం బలంగా ఉంది. గడియారానికి ఆడా మగా తేడా తెలియదు కదా అంటారు. ఆ నమ్మకం ఎంతవరకు నిలబడుతుందో చూడడం మనకి అవసరం. ఎందుకంటే అదే నమ్మకం మన ఆఫీసుల్లో, ఫ్యాక్టరీల్లో, శిక్షణ కేంద్రాల్లో కూడా రాజ్యమేలుతోంది.

ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్ 1950లో మొదలైంది. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ పందేల్లో నిజంగా బరిలోకి దిగి పరుగు మొదలుపెట్టిన స్త్రీలు ఇద్దరే. ఇద్దరూ ఇటలీ వాళ్ళే. మొదటి ఆమె నేపుల్స్‌కి చెందిన మరియా తెరెసా దె ఫిలిప్పిస్. 1958లో బెల్జియం పందెంలో పదో స్థానంలో నిలిచింది. అదే ఏడాది ఫ్రాన్స్‌లో పందెం నిర్వాహకుడు తనని పోటీలోకి రానివ్వలేదనీ, ఆడపిల్ల పెట్టుకోవలసిన హెల్మెట్ జుట్టు ఆరబెట్టుకునేచోట ఉండేది మాత్రమే అన్నాడనీ ఆమె తర్వాత కాలంలో చెప్పుకుంది. రెండో ఆమె లెల్లా లొంబార్డి. ఈ ఇద్దరిలో పాయింటు దక్కింది లొంబార్డికే. అదీ పూర్తి పాయింటు కాదు, అర పాయింటు.

లొంబార్డి 1941లో ఉత్తర ఇటలీలో, పీడ్‌మాంట్ ప్రాంతంలోని ఫ్రుగరోలో అనే చిన్న ఊళ్ళో పుట్టింది. తండ్రిది మాంసం దుకాణం. దుకాణం సరుకు చేరవేసే బండి నడుపుతూ ఆమె డ్రైవింగు నేర్చుకుంది. పత్రికలవాళ్ళు ఆమెకి ‘టూరిన్ ఆడపులి’ అని పేరు పెట్టారు. ఆమె ఊరు టూరిన్ కాదు, ఆమె పులీ కాదు. సరుకు బండి నడిపే పనిమంతురాలైన ఆడపిల్ల పందెం కారుదాకా ఎట్లా వచ్చిందో చెప్పడానికి ఓపిక లేనప్పుడు ఇటువంటి పేర్లు పుట్టుకొస్తాయి. నిజానికి ఆమె వచ్చిన దారి మెట్టు మెట్టుగా సాగింది. 1970లో ఇటలీలో ఫార్ములా 850 చాంపియన్ అయింది. 1974లో ఇంగ్లండులో ఫార్ములా 5000 అనే బలమైన కార్ల పోటీల్లో నిలదొక్కుకుంది. అదే ఏడాది బ్రాండ్స్ హాచ్‌లో ఫార్ములా వన్ అర్హత పరుగులో పాల్గొంది కానీ అర్హత రాలేదు. అప్పుడు ఆమె కారుకి ఇచ్చిన నంబరు 208. అది డబ్బు పెట్టిన రేడియో లక్సెంబర్గ్ ప్రసారాల తరంగదైర్ఘ్యం. ఆమె నంబరు కూడా ఒక ప్రకటనే అన్నమాట.

1975లో లవాజా కాఫీ కంపెనీ అండతో ఆమెకి మార్చ్ అనే బ్రిటిష్ జట్టులో చోటు దొరికింది. ఆ ఏడాది మార్చి 1న దక్షిణాఫ్రికాలోని క్యాలమీలో మొదటిసారి బరిలో నిలబడింది. 1958 తర్వాత ఒక స్త్రీ ఆ వరసలో నిలబడడం అదే మొదలు. ఇంధనం సరఫరాలో లోపం వచ్చి కారు ఆగిపోయింది.

ఏప్రిల్ 27న స్పెయిన్ పందెం. బార్సిలోనాలో మోన్‌జూయిక్ కొండమీద, నగరపు పార్కు వీధుల్లో. అక్కడ రోడ్డు పక్కన వేసిన రక్షణ కంచెలకి బోల్టులు సరిగా బిగించలేదని డ్రైవర్లు ముందే కనిపెట్టారు. ఇది ప్రమాదం, మేం నడపం అని నిరసన తెలిపారు. నిర్వాహకులు వినలేదు. జట్లు ఒప్పందాలకి కట్టుబడి ఉండాలని ఒత్తిడి తెచ్చారు. అప్పటి ప్రపంచ చాంపియన్ ఎమర్సన్ ఫిట్టిపాల్డి మాత్రం పందెంలో పాల్గొనకుండా వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు నడిపారు. 26వ చుట్టులో, అందరికంటే ముందు పోతున్న రోల్ఫ్ స్టొమ్మెలెన్ కారు వెనక రెక్క విరిగింది. కారు కంచె దాటి పోయింది. రోడ్డు పక్కన ఉన్న మనుషుల ప్రాణాలు తీసింది. 75 చుట్లు సాగవలసిన పందెాన్ని 29వ చుట్టు దగ్గర ఆపేశారు. సగం కూడా పూర్తికాలేదు కాబట్టి సగం పాయింట్లే ఇచ్చారు. అప్పటికి లొంబార్డి ఆరో స్థానంలో ఉంది. ఆరో స్థానానికి ఒక పాయింటు. అందులో సగం.

చరిత్ర పుస్తకాల్లో ఆ అర పాయింటు పక్కన ఎప్పుడూ ఒక చిన్న వివరణ ఉంటుంది. చాలామంది మధ్యలో తప్పుకున్నారు కాబట్టి వచ్చింది, పందెం ఆగిపోయింది కాబట్టి వచ్చింది అని. అది నిజమే. కానీ ఆ పందెం గెలిచిన జోకెన్ మాస్‌కి కూడా అదే కారణంగా అదే పందెంలో గెలుపు దక్కింది. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అతను గెలిచిన పందెం అదొక్కటే. అయినా అతని గెలుపుని గెలుపుగానే చెప్తారు. మగవాడి అదృష్టం అతని జీవితంలో ఒక సంఘటన. ఆడదాని అదృష్టం ఆమె అర్హత మీద ఒక అనుమానం.

లొంబార్డి గురించి ‘ఇలా జరిగి ఉంటే’ అని ఊహించే అభిమానులు సాధారణంగా పాయింట్లతోనే ఊహిస్తారు. మోన్‌జూయిక్ పందెం పూర్తిగా జరిగి ఉంటే? అదే ఏడాది ఆగస్టులో జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్‌లో, 22 కిలోమీటర్లకి పైగా సాగే ఆ భయంకరమైన మార్గంలో, ఆమె ఏడో స్థానంలో వచ్చింది. ఒక్క స్థానం ముందుంటే పూర్తి పాయింటు వచ్చి ఉండేది కదా? ఇవి ఆసక్తికరమైన లెక్కలే. కానీ వీటివల్ల మనకి తెలిసేది తక్కువ. ఒకటి వచ్చినా రెండు వచ్చినా ఆమె కథ ‘మినహాయింపు’ కథగానే మిగిలి ఉండేది.

మన ప్రశ్న వేరు. ఆమె మాట నమ్మి ఉంటే ఏమయ్యేది?

మోటారు పందేల చరిత్ర రాసినవాళ్ళ దగ్గర తరచు కనిపించే కథనం ఒకటుంది. 1975లో తన కారు వెనక భాగం మలుపుల్లో సరిగా నిలబడడం లేదనీ, ఏదో తేడా ఉందనీ లొంబార్డి జట్టుకి చెప్తూ వచ్చింది. ఆ ఫిర్యాదుకి పెద్ద విలువ దొరకలేదు. 1976 సీజనులో బ్రెజిల్ పందెంలో ఆమె 14వ స్థానంలో వచ్చింది. ఆ వెంటనే జట్టులో ఆమె చోటు స్వీడన్‌కి చెందిన పేరున్న డ్రైవరు రోనీ పీటర్సన్‌కి వెళ్ళింది. అతనూ కారు బాగాలేదన్నాడు. అప్పుడు విప్పి చూస్తే, వెనక భాగాన్ని పట్టి ఉంచే లోహపు చట్రంలో పగులు కనిపించింది. ఈ కథనాన్ని ఆమె పక్షం వాళ్ళు పుట్టించలేదు. మార్చ్ కార్ల ఇంజనీరు రాబిన్ హెర్డ్ పేరుమీదనే ఇది ప్రచారంలో ఉంది.

ఆ సీజనులోనే, సెప్టెంబరులో మోంజాలో జరిగిన ఇటలీ పందెంలో పీటర్సన్ మార్చ్ కారుతో గెలిచాడు. పీటర్సన్ ఆ కాలంలో అత్యంత వేగం గల డ్రైవర్లలో ఒకడు. ఆమెకి మంచి కారు ఇచ్చి ఉంటే అతని స్థానంలో ఆమె గెలిచేదని మేం అనడం లేదు. అలా అనడం ఊహని వాదంగా అమ్మడం. మేం అంటున్నది అంతకంటే చిన్న మాట, కాదనడానికి కష్టమైన మాట. ఆమె ఎంత వేగంగా వెళ్ళగలదో ఎవరూ కొలవలేదు. పగిలిన చట్రం మీద ఆమె తీసిన సమయాలని కొలిచి, అవి ఆమె సామర్థ్యమని రాసుకున్నారు.

ఇక్కడే గడియారం నిష్పాక్షికత సంగతి తేలిపోతుంది. గడియారానికి ఆడా మగా తేడా తెలియదన్నది నిజమే. కానీ ఆ గడియారం ముందుకి వచ్చే బండిని ఎవరు సిద్ధం చేస్తారు? మెకానిక్కులు ఎవరి మాట విని స్క్రూ తిప్పుతారు? పందెం కారు విషయంలో డ్రైవరు శరీరమే మొదటి పరికరం. ఏ చక్రం మీద బరువు పడుతోంది, ఏ మలుపులో వెనక భాగం జారుతోంది అన్నది ముందుగా తెలిసేది సీటులో కూచున్న మనిషికే. 1975 నాటికి కారులో జరిగే ప్రతి కదలికనీ ఇప్పటిలాగా కంప్యూటరుకి పంపే ఏర్పాటు లేదు. డ్రైవరు చెప్పిన మాటే సమాచారం. ఆ మాటని సమాచారంగా తీసుకోవాలా, సాకుగా తీసుకోవాలా అన్నది వినేవాళ్ళ చేతిలో ఉంది. మగ డ్రైవరు ‘కారు బాగాలేదు’ అంటే ఇంజనీరు కారు కిందకి వంగి చూస్తాడు. ఆడ డ్రైవరు అదే మాట అంటే ఆమె ముఖం వంక చూస్తాడు. పితృస్వామ్యం ఎక్కడో చట్టాల్లోనూ, శాస్త్రాల్లోనూ మాత్రమే ఉండదు. ఆ చూపు ఎటు తిరిగిందన్న దాంట్లో కూడా ఉంటుంది.

మోన్‌జూయిక్ సంగతి కూడా ఈ వెలుగులో ఒకసారి గుర్తు చేసుకోవాలి. అక్కడ కంచెలు బాగాలేవని చెప్పింది మగవాళ్ళు. ప్రపంచ ప్రఖ్యాతి ఉన్నవాళ్ళు. అయినా వినలేదు. డబ్బూ, ఒప్పందాలూ అడ్డం వచ్చినప్పుడు పనిచేసేవాళ్ళ అనుభవాన్ని పక్కకి నెట్టడం మగవాళ్ళకి కూడా తప్పలేదు. ప్రాణాలు పోయాయి. పనిచేసే మనిషి మాట వినని వ్యవస్థ ముందు అందరి మాటనీ కొంత తోసేస్తుంది, ఆడవాళ్ళ మాటని పూర్తిగా తోసేస్తుంది. కాబట్టి ఇది కేవలం స్త్రీపురుషుల మధ్య తగాదా కాదు. పని గురించిన జ్ఞానం ఎవరిదన్న తగాదా.

ఇప్పుడు ఊహ పక్కనబెట్టి జరిగినదాన్నే చూద్దాం. ఫార్ములా వన్ తలుపులు మూసుకున్నాక లొంబార్డి ఇంటికి పోలేదు. గంటల తరబడి సాగే స్పోర్ట్స్ కార్ల పందేల్లోకి వెళ్ళింది. ఆ పందేల్లో ఒకే కారుని ఇద్దరు డ్రైవర్లు వంతులవారీగా నడుపుతారు. 1979లో సిసిలీలోని పెర్గుసాలో ఎన్రికో గ్రిమాల్డితో కలిసి ఆరు గంటల పందెం గెలిచింది. అదే ఏడాది వల్లెలుంగాలో జార్జియో ఫ్రాంచాతో కలిసి మరొకటి గెలిచింది. 1981లో ముజెల్లోలో మళ్ళీ ఫ్రాంచాతో కలిసి ఇంకొకటి.

సమాజశాస్త్రం చదివినవాళ్ళకి ఇది చేతికందిన ప్రయోగంలాంటిది. ఒకే కారు, ఒకే చట్రం, అవే చక్రాలు, అదే మెకానిక్కు. కారులో లోపం ఉంటే అది ఇద్దరి లోపమూ అవుతుంది. ఆమె చెప్పినా అతను చెప్పినా ఒకటే కారుని బాగుచేయాలి. ఆమె సీటులో అతను కూడా కూచోవలసి ఉన్నప్పుడు ఆమె మాట తోసేయడం అంత సులువు కాదు. అక్కడ ఆమె గెలిచింది. ఈ గెలుపులకి ఇంకా ఎన్నో కారణాలు ఉండవచ్చు. పోటీ తీరు వేరు, కార్లు వేరు. కానీ లొంబార్డి ‘జరగని జీవితం’ కోసం మరీ ఎక్కువ ఊహించనక్కర్లేదు. దానిలో ఒక ముక్క సిసిలీలో నిజంగా జరిగింది.

అవకాశం అంటే తలుపు తెరవడం మాత్రమేనా, లేక మళ్ళీ ప్రయత్నించనివ్వడం కూడానా అన్నది రెండో ప్రశ్న. 1992లో రోమ్‌కి చెందిన జొవాన్నా అమాతికి బ్రాభమ్ జట్టులో చోటు దొరికింది. దివాలా అంచున ఉన్న జట్టు, వెనకబడ్డ కారు. దక్షిణాఫ్రికా, మెక్సికో, బ్రెజిల్ పందేల్లో మూడుసార్లు ఆమెకి అర్హత దక్కలేదు. సమయాలు చాలా వెనకబడి ఉన్నాయి. డబ్బు పెట్టేవాళ్ళూ నిలవలేదు. ఆమెని తీసేశారు. ఆ చోటులోకి డేమన్ హిల్ వచ్చాడు. రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన గ్రహం హిల్ కొడుకు. అప్పటికే విలియమ్స్ అనే పెద్ద జట్టుకి కార్లు పరీక్షించే ఉద్యోగం ఉన్నవాడు. అదే బ్రాభమ్ కారులో అతనికీ వరసగా ఐదు పందేల్లో అర్హత రాలేదు. ఆరోసారి వచ్చింది. మరుసటి ఏడాది విలియమ్స్‌లో డ్రైవరయ్యాడు. 1996లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

హిల్ అమాతికంటే వేగంగా నడిపాడు. అందులో వివాదం లేదు. అమాతికి ఐదు అవకాశాలిచ్చినా చాంపియన్ అయి ఉండేది కాదు, బహుశా. చూడవలసిందల్లా ఓటమికి ఇద్దరి విషయంలో వచ్చిన అర్థం. అతని ఓటమి కారు లోపానికి రుజువయింది. ఆమె ఓటమి ఆమె లోపానికి, ఆపైన మొత్తం స్త్రీజాతి లోపానికి రుజువయింది. అమాతి అర్హత సాధించలేకపోయిన మొదటి పందెం మార్చి 1న జరిగింది. అదే క్యాలమీలో, పదిహేడేళ్ళ కింద అదే తేదీన లొంబార్డి మొదటిసారి బరిలో నిలబడిన చోట. రెండు రోజుల తర్వాత, మార్చి 3న, రొమ్ము క్యాన్సర్‌తో లొంబార్డి మిలాన్‌లో చనిపోయింది. ఆమెకి ఇంకా 51 ఏళ్ళు నిండలేదు.

1976లో ఆస్ట్రియా పందెంలో లొంబార్డి 12వ స్థానంలో వచ్చింది. ఫార్ములా వన్ ప్రపంచ పందెంలో ఒక స్త్రీ పరుగు మొదలుపెట్టడం అదే చివరిసారి. 2014లో సూసీ వుల్ఫ్ బ్రిటన్‌లో పందేనికి రెండు రోజుల ముందు సాధనలో నడిపింది, పందెంలో కాదు. స్త్రీలకి విడిగా పెట్టిన డబ్ల్యూ సిరీస్ 2019లో మొదలై, డబ్బు చాలక 2022లో మధ్యలోనే ఆగిపోయింది. 2023లో ఎఫ్‌వన్ అకాడమీ మొదలైంది. అదే ఏడాది ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల పందెం, ఫార్ములా ఈ, జరిగింది. ఫార్ములా వన్ కాదు కానీ అదీ ప్రపంచ చాంపియన్‌షిప్పే. మన ఊరి రోడ్ల మీద నడిపిన 22 మంది డ్రైవర్లూ మగవాళ్ళే. దాని గురించి ఆ రోజుల్లో మనం ట్రాఫిక్ ఇబ్బంది గురించి మాట్లాడుకున్నంత కూడా మాట్లాడుకోలేదు.

విడిగా పోటీలు పెట్టడం మంచిదా కాదా అన్న చర్చ నడుస్తూనే ఉంది. అనుభవం, శిక్షణ, డబ్బు అందుతాయి కాబట్టి అవసరమే అని కొందరంటారు. పక్కన ఇంకో గది కట్టి అసలు ఇంటి తలుపు మూసేయడమే అని కొందరంటారు. రెండు వాదనల్లోనూ నిజముంది. లొంబార్డి జీవితం ఈ చర్చకి ఒక కొలబద్ద ఇస్తుంది. ఎన్ని పోటీలు పెట్టారన్నది కాదు, ఆ పోటీల్లోంచి వచ్చిన అమ్మాయి రేపు పెద్ద జట్టులో ‘కారు బాగాలేదు’ అంటే ఇంజనీరు ఎటు చూస్తాడన్నది ముఖ్యం. ఆ చూపు మారకపోతే ఎన్ని అకాడమీలు పెట్టినా ఇంకో అర పాయింటు దగ్గరే ఆగిపోతాం.

ఇక మన దగ్గరికి వద్దాం. స్త్రీల కోసం పనిచేసే మనం ఎన్నో నివేదికలు రాస్తాం. ఇంతమందికి శిక్షణ ఇచ్చాం, ఇంతమంది మధ్యలో మానేశారు, ఇంతమంది నిలదొక్కుకున్నారు అని అంకెలు ఇస్తాం. నిధులిచ్చేవాళ్ళు అడిగేవి కూడా అవే. ‘మధ్యలో మానేశారు’ అన్న గడి నింపడం చాలా తేలిక. మానేసిన మనిషి ఏం చెప్పి మానేసిందో రాసుకోవడానికి ఆ పట్టికలో గడి ఉండదు. ఆమెకిచ్చిన కుట్టుమిషను ఎన్నాళ్ళ పాతది? ఆమె నేర్చుకున్న ఆటో క్లచ్ ఎంత గట్టిగా ఉంది? పని చేసేచోట దీపం ఉందా, మరుగుదొడ్డి ఉందా? బాగాలేదని ఆమె ఎవరికి చెప్పింది, వాళ్ళేం చేశారు? అదే పరికరం ఒక మగవాడి చేతికి వెళ్ళాక బాగుచేయించారా? మొదటిసారి తప్పితే రెండోసారి, మూడోసారి పిలిచారా? ఈ ప్రశ్నలు వేయకుండా మనం రాసే నివేదిక కూడా, సదుద్దేశంతోనే, పగిలిన చట్రం మీద తీసిన సమయాలని సామర్థ్యంగా నమోదు చేస్తుంది. చివరికి ‘ఆడవాళ్ళు ఈ రంగంలో రాణించలేరు’ అని రుజువు చేయడానికి ఎదుటివాళ్ళకి మన అంకెలే పనికొస్తాయి.

అందుకే ‘ఇలా జరిగి ఉంటే’ అన్న ప్రశ్నని కాలక్షేపంగా వదిలేయకూడదు. అది ఏడవడానికి వేసే ప్రశ్న కాదు. ఏ మెట్టు దగ్గర, ఎవరి నిర్ణయం వల్ల, ఏ ఖర్చు పెట్టనందువల్ల దారి మారిపోయిందో వెతికిపట్టుకోవడానికి వేసే ప్రశ్న. లొంబార్డి విషయంలో వెతికితే ఆ మెట్టు ఏ మహా కుట్ర దగ్గరో లేదు. ఒక షెడ్డులో, కారు పక్కన, ఒక మామూలు మాట దగ్గర ఉంది. ఆ మాట విని కారు విప్పి చూడడానికి ఒక పూట పట్టి ఉండేది.

మనం పనిచేసే ప్రతిచోటా అటువంటి మాటలు రోజూ వినిపిస్తున్నాయి. వాటిని ఎవరు అన్నారో, ఎప్పుడు అన్నారో, ఎవరు విన్నారో తేదీ వేసి రాసుకుందాం. తర్వాత బండి విప్పించి చూద్దాం.